ఒంటిగంట గండం

జిమ్మా, ఇథియోపియా
17-10-1971

ఆడపడుచును సముద్రం దాటించి హాయిగా ఊపిరి పీల్చుకుంటున్న మా ప్రమీల వదినకు,

మరదలు హైమవతి రాస్తున్నది. మేం క్షేమం. మీరూ క్షేమమే అయి ఉండాలి. వంటింట్లో నీకు వంకలు పెట్టేదాన్ని నేనొక్కదాన్నే కదా, ఆ పీడ వదిలి రెండు నెలలైంది.

మా ఆయన ఇక్కడి బడిలో లెక్కల మాస్టారుగా స్థిరపడ్డారు. నేను పొయ్యి దగ్గర స్థిరపడ్డాను. ఆ మాత్రం దానికి తిరువూరు చాలదా అంటావు. నాకు చాలు. మా ఆయన తెలివే తిరువూరు హైస్కూల్లో పట్టక పొర్లిపోతోందని ఇంతదూరం మోసుకొచ్చారు.

ఈ దేశంలో ఇంకా 1964వ సంవత్సరమే నడుస్తోంది. నవ్వకు, నిజం. వీళ్ల క్యాలెండరు మనకంటే ఏడేళ్లు వెనక. కాబట్టి నేను నీకంటే బాగా చిన్నదాన్నయిపోయాను, ఇకమీదట నన్ను ముద్దు చెయ్యాలి. గడియారం ఇంకా విచిత్రం. తెల్లవారితే వీళ్ల లెక్క మొదలు. మన ఉదయం ఏడు గంటలు వీళ్లకు ఒంటిగంట. మన మధ్యాహ్నం ఒంటిగంట వీళ్లకు ఏడు. మొదటి వారం మా ఆయన ఎప్పుడెళ్లినా బడికి తాళమే ఉంది. ఇప్పుడా విద్యలో ఆరితేరారు. దారినపోయేవాళ్లు టైమెంతని అడిగితే వాళ్ల లెక్కా మన లెక్కా రెండూ చెప్పి, తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పి గాని వదలరు.

పక్కింటావిడ పేరు వర్కనేష్. మంచి మనిషి. కానీ ఏమడిగినా పాము కనబడ్డట్టు గుండెనిండా గాలి పీల్చి ఊరుకుంటుంది. పాలు దొరుకుతాయా అన్నాను, అలా పీల్చింది. ఈ ఊళ్లో పాల వల్ల ఎవరైనా పోయారేమోనని రెండు రోజులు కాఫీ మానేశాం. తర్వాత తెలిసింది, 'అవును' అనడానికి వీళ్లు అలా పీలుస్తారట. ఇక తిండి అంటావా, పులిసిన పిండితో బండి చక్రమంత అట్టు. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినాలి. నువ్వయితే ఎంగిలని పారిపోయేదానివి. నేను తింటున్నాను. కారం మాత్రం మన గుంటూరు కారానికి తీసిపోదు.

అసలు సంగతి చివర రాస్తున్నాను, నువ్వు పైనుంచి చదవాలని. నాకిప్పుడు అయిదో నెల. బయల్దేరే ముందే అనుమానంగా ఉంది, చెబితే అమ్మ విమానం ఎక్కనివ్వదని నోరు మూసుకున్నాను. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఏ దేవుడికి విసుగొచ్చి ఇచ్చాడో తెలియదు. మూడో ఏట మా కాంట్రాక్టు సెలవుకి వస్తాం. పుట్టువెంట్రుకలు నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి దగ్గర, అన్నయ్య ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి. నాకున్నది ఆ ఒక్క కోరిక వదినా. మిగతావన్నీ నీతో పోట్లాడి సాధించుకుంటాను.

నీ చిన్నారి మరదలు,
హైమ


తిరువూరు
28-11-1971

రోజురోజుకీ చిన్నదైపోతున్న మా మరదలు పిల్లకు,

ముసల్ది ప్రమీల దీవించి రాస్తున్నది. నువ్వు వెళ్లాక వంటింట్లో నాకు వంకలు పెట్టేవాళ్లు లేరన్నావు. ఆ ఉద్యోగం మీ అమ్మగారు తీసుకున్నారు, నువ్వు బెంగపడకు.

నీ సంగతి చదివి వినిపించగానే అత్తయ్య లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, ఏడ్చి, తర్వాత నన్ను తిట్టారు. నన్నెందుకంటే దగ్గర్లో నేనే ఉన్నాను. సాయంత్రానికి తిరువూరు తిరువూరంతా తెలిసింది. మీ అన్నయ్య ఎరువుల కొట్టు మూసి మిఠాయి కొనుక్కొచ్చారు. పంచడానికని తెచ్చి సగం తనే తిన్నారు. మేనమామ అంటే బాధ్యత కదా, ముందు నుంచే మొదలెట్టారు.

అక్కడ 1964 అని నేను చెబితే పోస్ట్‌మాన్, "అయితే ఈ ఉత్తరం రావడానికి ఏడేళ్లు పట్టిందాండీ?" అన్నాడు. మీ పక్కింటావిడకు ఉబ్బసమని అత్తయ్య తీర్మానించారు. మిరియాల కషాయం ఇమ్మన్నారు. 'అవును' సంగతి నాలుగుసార్లు చెప్పాను. "నువ్వూరుకోవే, ఊపిరాడని మనిషిని పట్టుకుని" అన్నారు.

ఇంకోమాట చెప్పమన్నారు. పుట్టిన టైము గంటా నిమిషమూ తప్పకుండా రాయాలట. పంతులుగారు జాతకం వేయాలి. మా పుట్టింటి ఊరు వినగడపలో అయితే కోడి కూసినప్పుడనో, పశువులు ఇంటికొచ్చినప్పుడనో చెబితే సరిపోయేది. మీరు గొప్పవాళ్లు. గడియారం దగ్గర మనిషిని కూర్చోబెట్టుకోండి.

మీ ఆయనకు, అదే మా అంకారావు అన్నయ్యకు నమస్కారాలు. దారినపోయేవాళ్లను ఆపొద్దని చెప్పు.

నీ వదిన,
ప్రమీల


జిమ్మా
2-4-1972

వదినా,

మేనల్లుడు పుట్టాడు. ఇకనుంచి నాకు లేచి నిలబడి నమస్కారం పెట్టాలి నువ్వు.

ఉగాది వెళ్లిన సోమవారం పుట్టాడు. నొప్పులు ముందురోజు నుంచీ ఉన్నాయి. తెల్లవారక ముందే లోపలికి తీసుకెళ్లి, బిడ్డ అడ్డం తిరిగాడని మత్తిచ్చి కోశారు. నేను కళ్లు తెరిచేసరికి దీపాలు పెట్టారు. మా ఆయన పరీక్షలు జరిపించడానికి వేరే ఊరెళ్లి ఆ సాయంత్రానికి వచ్చారు. ఇద్దరు పెద్దమనుషులం ఉండి, బిడ్డ పుట్టిన టైముకి ఒకరం ఒళ్లు తెలియకుండా, ఇంకొకరం ఊళ్లో లేకుండా ఉన్నాం. అదీ మా గొప్పతనం.

అయినా అమ్మ అడిగింది కదా. మా ఆయన నర్సునడిగారు. "ఏడు గంటలకు" అంది. ఇంకొకరైతే ఏడని రాసేసేవాళ్లు. మా ఆయన వదుల్తారా? ఈ దేశపు ఏడంటే మన లెక్కకు మధ్యాహ్నం ఒంటిగంట అని మార్చి, నాకు వివరించి, వర్కనేష్‌కు కూడా వివరించారు. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట. పంతులుగారికి ఇవ్వండి.

ముక్కు మాత్రం అచ్చంగా అన్నయ్యదే. ఏడుస్తుంటే ఇంకా అన్నయ్యదే.

హైమ


తిరువూరు
30-4-1972

దేవకీదేవి గారికి,

కంసుడి భార్య నమస్కరించి రాస్తున్నది. ఇదేం పిలుపనుకోకు. కింద చదువు.

పంతులుగారు పంచాంగం తిప్పి, వేళ్లు మడిచి, "రోహిణీ నక్షత్రం" అన్నారు. ఆ రోజు పొద్దున్నే పుట్టి ఉంటే కృత్తికట, ఏ పేచీ లేదట. మీవాడు భోజనాల వేళ దాకా ఆగి రోహిణిలో దిగాడు. రోహిణిలో పుడితే మేనమామకు గండం. సాక్షాత్తూ శ్రీకృష్ణుడు ఆ నక్షత్రంలోనే పుట్టి మేనమామను ఏం చేశాడో నీకు తెలుసు. ఎరువుల కొట్లో కూర్చుని యూరియా తూచుకునే మీ అన్నయ్య ఒక్క పూటలో కంసుడైపోయారు.

పంతులుగారు పాపం మెత్తగానే చెప్పారు. చిన్న శాంతి చేస్తే చాలు, మేనమామ బిడ్డ మొహం ముందుగా నూనెలో చూస్తే దోషం పోతుందన్నారు. అత్తయ్య వింటేగా. మర్నాడే బస్సెక్కి నెమలి వెళ్లి వేణుగోపాలస్వామికి మొక్కొచ్చారు, కొడుకు శేషును కాపాడమని. మేనమామను చంపిన దేవుడి దగ్గరికే వెళ్లి మేనమామను కాపాడమని అడిగిన మనిషి మన కృష్ణాజిల్లాలో ఇంకొకరు ఉండరు. ఈ మాట పైకి అన్నాను కూడా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆవిడ ఆజ్ఞ ఏంటంటే, ముందు పిల్లాడి ఫోటో పంపాలి. మీ అన్నయ్య దాన్ని తిన్నగా చూడకుండా నూనెలో చూస్తారు. ఆ తర్వాత సంగతి తర్వాత. పుట్టువెంట్రుకల మాట ఇప్పుడే ఎత్తొద్దని మరీ మరీ రాయమన్నారు.

మీ అన్నయ్యనడిగితే, "చంటివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పోతానా ఏంటి?" అన్నారు. నాతో అన్నారు. వాళ్లమ్మ ముందు కాదు. అంత ధైర్యం ఉంటే ఎరువులెందుకు అమ్ముతారు?

ప్రమీల


జిమ్మా
11-6-1972

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. మూడోసారికి నవ్వు రాలేదు.

వీడికింకా మెడ నిలబడలేదు. అప్పుడే హత్యాయత్నం కేసు పెట్టారు. పాలు తాగి, పక్క తడిపి, నిద్రపోతాడు. మధ్యమధ్య మేనమామను ఎలా చంపాలా అని ఆలోచిస్తుంటాడు కాబోలు, నేను గమనించలేదు.

ఫోటో పంపుతున్నాను. నూనెలో చూసుకోండి, నెయ్యిలో చూసుకోండి, మజ్జిగలో చూసుకోండి. కానీ అమ్మకొకటి చెప్పు. తొమ్మిదేళ్లు పేరంటాలకు వెళ్లినప్పుడల్లా నన్ను చివర కూర్చోబెట్టారు. ఆ తొమ్మిదేళ్లూ నాకోసం ఉపవాసాలున్నది అమ్మే. ఇప్పుడు బిడ్డ పుడితే ఇంటికి తేవద్దంటున్నది కూడా అమ్మేనా? ఇక్కడ వర్కనేష్ రోజుకి మూడు విడతలు కాఫీ కాచి, వీణ్ణి ఒళ్లో వేసుకుని వాళ్ల భాషలో ఏవేవో పాడుతుంది. ఆవిడకు మేం ఏమవుతాం? ఏమీ కాం.

నీ మీద కూడా కోపంగా ఉంది. నీకన్నీ వేళాకోళంగానే ఉన్నాయి.

హైమ


తిరువూరు
3-12-1972

హైమకు,

ప్రత్యేకాంధ్ర ఉద్యమమని ఇక్కడ బస్సుల్లేవు, బడుల్లేవు, పోస్టు కూడా ఉన్నరోజు ఉంది లేనిరోజు లేదు. ఈ ఉత్తరం నీకెప్పుడు అందుతుందో తెలియదు. అందాక తిట్టుకోవడానికి నీకెలాగూ సరుకుంది.

నూనె వైభవం చెబుతాను. మంచిరోజు చూసి పంతులుగారొచ్చారు. కంచు పళ్లెంలో నువ్వుల నూనె పోశారు. నేను ఫోటో వెనకనుంచి ఎత్తి పట్టుకోవాలి, మీ అన్నయ్య వంగి నూనెలో మాత్రమే చూడాలి. వెనక్కి తిరుగుతారేమోనని అత్తయ్య ఆయన చెవులు రెండూ పట్టుకున్నారు. నలభై ఏళ్ల మనిషిని. కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత కనబడ్డట్టుంది, "ఒరేయ్, ముక్కు నాదే!" అని ఒక్క గావుకేక పెట్టి లేచారు. మోకాలు తగిలి పళ్లెం బోర్లాపడింది. ఆ నూనెలో కాలేసి ఎంత దూరం జారాలో అంత దూరమూ జారి గడపకు కొట్టుకున్నారు. మణికట్టు విరిగింది.

"చూశావా! ఫోటోకే ఇంత జరిగింది" అన్నారు అత్తయ్య.

నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పరుగెత్తాను. పంతులుగారు, "అమ్మా, అది గండం కాదు, నూనె" అని ఎంతో చెప్పి చూశారు. ఆవిడ వినలేదు. పిల్లాడికి పన్నెండేళ్లొచ్చేదాకా మేనమామ కంట పడకూడదట. పుట్టువెంట్రుకలు అక్కడే తీయించుకోమంటున్నారు. ఇది నేను కల్పించింది కాదు, ఆవిడ మాట ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

కట్టు కట్టించాం. తగ్గింది. మీ అన్నయ్య ఆ ఫోటో చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. దానిమీద ఇంకా నూనె మరక ఉంది. కొట్టుకొచ్చిన ప్రతి రైతుకూ చూపిస్తున్నారు. ఇంటికి రాగానే జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

ప్రమీల


జిమ్మా
14-1-1973

వదినగారికి,

అన్నయ్య చెయ్యి విరిగితే మీరు పెరట్లోకెళ్లి నవ్వారని తెలిసి సంతోషించాం.

పుట్టువెంట్రుకలు ఇక్కడే తీయిస్తాం. సెలవుకి రావడం లేదు. మా ఆయన కాంట్రాక్టు పొడిగించమని అడుగుతున్నారు. మీరంతా నిర్భయంగా ఉండండి.

హైమవతి


జిమ్మా
16-9-1973

వదినా,

నువ్వు రాసిన రెండు ఉత్తరాలకూ జవాబివ్వలేదు. 'గారు' తగిలించి రాసినందుకు నువ్వు ఏడ్చావని అన్నయ్య మా ఆయనకు రాశాడు. నువ్వు ఏడుస్తావని నాకు తెలియదు. తెలిస్తే ఇంకో నాలుగు గార్లు రాసేదాన్ని. సరే, రాజీ.

మొన్న పిల్లాడికి దగ్గు పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. వాడు పుట్టినప్పుడున్న నర్సే ఉంది, అస్తేర్ అని. గుర్తుపట్టి ముద్దు చేసింది. "ఆ రోజు నేను రాత్రి డ్యూటీ దిగేముందు పుట్టాడు, ఎండ అప్పుడే కిటికీలోకొచ్చింది" అంది. పుట్టింది ఒంటిగంటకు కదా, ఎండ అప్పుడే రావడమేంటి అన్నాను. కాదు, పొద్దున ఏడింటికి అంది. పరదేశపు మాస్టారు కదా, మా లెక్క చెబితే తికమక పడతారని మీ లెక్కలోనే చెప్పానంది!

అర్థమైందా? ఆవిడ మన కోసమని ముందే మార్చి చెప్పింది. మా ఆయన దాన్ని పట్టుకుని మళ్లీ మార్చారు. వదినా, వాడు రోహిణి కాదు, కృత్తిక. అన్నయ్యకు ఏ గండమూ లేదు. ఏడాదిన్నర మనం ఏడ్చిందంతా మా ఆయన లెక్కల పాండిత్యం. ఈయన దగ్గరే ఒక దేశం దేశమంతా లెక్కలు నేర్చుకుంటోంది. రెండు రోజుల నుంచి మనిషి గడియారం వంక చూడటం లేదు.

ఒక్క ముక్క రాస్తే అమ్మ రేపే రమ్మంటుంది. నాకు తెలుసు. అందుకే చెప్పొద్దంటున్నాను. నీకొక్కదానికే రాస్తున్నాను.

మొండితనమనుకో. గండం లేని పిల్లాణ్ణి ఎవరైనా ఎత్తుకుంటారు. గండం ఉన్నవాడైనా వీడు నా మనవడే అని అమ్మ ఒక్కసారి అనాలి. అలా అంటే ఆ క్షణమే టికెట్లు తీసుకుంటాను. అనలేదా, నా కొడుకు మేనమామ ఒళ్లో కూర్చోకుండానే పెరుగుతాడు. నేను ఏడుస్తూ రాస్తున్నాను వదినా, అక్షరాలు అలుక్కుపోతే సరిచేసుకుని చదువుకో.

హైమ


తిరువూరు
20-11-1973

పిచ్చి మొద్దూ,

నీ ఉత్తరం చదివి ముందు ఏం చేశానో తెలుసా? దేవుడి దగ్గర దీపం పెట్టాను. నవ్వుకో. ఇన్నాళ్లూ అత్తయ్యను వేళాకోళం చేశాను గానీ, ఆయన స్కూటరు మీద గంపలగూడెం వెళ్లి ఆలస్యమైతే వీధి గుమ్మంలో నిలబడేదాన్ని. ఆ నూనెలో జారినప్పుడు నేను పెరట్లోకెళ్లింది నవ్వడానికే, నిజమే. కానీ అక్కడ నవ్వు రాలేదు. నాకూ ఉన్నది ఒక్క మొగుడే కదే.

ఆ తర్వాత ఆలోచించాను. చెప్పొద్దన్నావు. చెప్పకపోతే ఆవిడ మారరు. చెబితే నువ్వు రావు. తల్లీకూతుళ్లిద్దర్నీ ఒకే మట్టితో చేశారు, మధ్యన నన్ను పడేశారు. వారం పాటు ఈ సంగతి కడుపులో పెట్టుకుని కూరల్లో ఉప్పు మరిచిపోయి, దానిక్కూడా తిట్లు తిన్నాను.

చివరికి ఒక అబద్ధం ఆడాను హైమా. కోపంతోనే ఆడాను, ఆవిడకు బుద్ధి చెబుదామని. నన్ను మంచిదాన్ననుకోకు.

మధ్యాహ్నం అత్తయ్య చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతున్నారు. పక్కన కూర్చుని, "అత్తయ్యా, హైమ రాసింది. పిల్లాడు పుట్టిన టైము తప్పట. పొద్దున పుట్టాడట. మేనమామకు ఏ దోషమూ లేదు" అన్నాను. అంతటితో ఆగొచ్చు. ఆగలేదు. "కానీ ఆ గంటలో పుడితే అమ్మమ్మకు గండమట" అన్నాను. ఆ దేశంలో ఒక పంతులు చెప్పాడని కూడా చేర్చాను. అక్కడ మన పంతులెవడున్నాడని ఆవిడ అడగలేదు.

చేట కింద పెట్టారు.

"శేషుకేం లేదా?"

"లేదు."

"వాడి మీద ఒట్టేసి చెప్పు."

ఒట్టేశాను. అది నిజమే కదా, భయం లేకుండా వేశాను.

"మరి నాకేనా?"

"మీకే."

ఇప్పుడు చూడాలి మీ అమ్మగారి సంగతి అనుకున్నాను. పన్నెండేళ్లు కాదు, పాతికేళ్లు రావొద్దంటారు అనుకున్నాను. మనసులో నవ్వు కూడా మొదలుపెట్టాను.

"ఓస్, నాకేనా! ఆ మాట మొదటే ఏడవకూడదుటే?" అన్నారు.

హైమా, ఆవిడ మొహం నువ్వు చూడాల్సింది. ఎవరో మోత దింపినట్టుంది. "రెండేళ్లవాడు కావస్తున్నాడు. నా నడుం చూస్తే ఇలా ఉంది. ఇంకా ఆలస్యమైతే ఎత్తుకోను కూడా ఎత్తుకోలేను. ఇన్నాళ్లూ వాడు శేషుకి అడ్డమని నా హైమ కడుపున పుట్టినవాణ్ణి తలుచుకోవడానికి కూడా భయపడి చచ్చాను" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేను పక్కనే కూర్చున్నాను. అబద్ధమండీ అని చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకుని, ఆ చేట తీసుకుని రాళ్లేరాను.

నువ్వు అడిగిన మాట ఆవిడ అనలేదు. దానికంటే పెద్దదే అన్నారు. ఇదిగో, ఇది నా రాత కాదు, ఎదురుగా కూర్చుని ఆవిడే చెప్పి రాయిస్తున్నారు, ఒక్క ముక్క మార్చడం లేదు:

"అమ్మా హైమా, వెంటనే బయల్దేరి రండి. బెజవాడలో రైలు దిగగానే పిల్లాణ్ణి ముందు నా చేతికియ్యి. అల్లుడి చేతుల్లోంచి తిన్నగా నా చేతుల్లోకి రావాలి. ఉన్నదేదో నాతోనే పోతుంది. ఆ తర్వాత వాళ్ల మామ ఒళ్లో ఎంతసేపైనా కూర్చోనీ."

అబద్ధం సంగతి నువ్వే వచ్చి చెప్పు. నావల్ల కాదు.

నీ వదిన,
ప్రమీల